మెడ పక్కన చిన్న కోత లేదు

శరీరదాతల స్మారకోపన్యాసం



స్మారకోపన్యాసం సాధారణంగా ఒకరి పేరిట జరుగుతుంది. ఇది మాత్రం తాము పోయాక తమ దేహం అనాటమీ బల్ల మీద ఉండాలని కోరుకున్న వారందరిదీ. వాళ్ళలో చాలామంది పేర్లు విద్యార్థులకు తెలియవు, తెలియనవసరం లేదని వాళ్ళే అనుకున్నారు. లోకమంతా ఎరిగిన ఒక్క పేరు మాత్రం తలుచుకుంటాను. ఈ ఉమ్మడి నల్లగొండ నేల మీదే, కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టి, తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టి, 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచిన మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. ఆమె భౌతికకాయాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. పాటతో ఊళ్ళను కదిలించిన మనిషి, గొంతు ఆగాక కూడా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు.

ఇలాంటి దాతల రుణం పొగడ్తలతో తీరదు. వాళ్ళ దేహాల నుంచి మాత్రమే సరిగ్గా నేర్చుకోగలిగిన విషయం ఒకటి ఎంచుకుని మాట్లాడటం మేలనిపించింది. అందుకే ఈ సాయంత్రం విషయం మెడ పక్క భాగం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మెడ పక్కన చిన్న కోత అంటూ ఏదీ లేదు. కోత పొడవు రెండు సెంటీమీటర్లే కావచ్చు. దాని ఫలితం ఒక కుటుంబం కూడు మీద పడవచ్చు.

సూర్యాపేట, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలలు రెండూ 2019లో మొదలయ్యాయి. దేశమంతటా ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాది చేరిన బ్యాచ్‌తోనే. అందులో మెడ వెనుక త్రికోణానికి విడిగా ఒక అంశం ఉంది. అక్కడి కండరాన్ని విద్యార్థి వర్ణిస్తే చాలదు, చూపించాలి. అంటే ఇక్కడి మొదటి బ్యాచ్ నుంచే నియమం అదే. నా ఉపన్యాసం కూడా ఆ దారిలోనే నడుస్తుంది.

గట్టుకు ఇటూ అటూ

ముందు హద్దులు చెప్పుకుందాం. పైన దవడ ఎముక కింది అంచు, అక్కడి నుంచి చెవి వెనక బుడిపె. కింద కాలర్ బోన్. ముందు గొంతు నడిమి గీత. వెనక ట్రపీజియస్ కండరపు ముందు అంచు. ఈ నాలుగు హద్దుల మధ్య స్థలాన్ని ఒక కండరం ఏటవాలుగా, పొలం మధ్య గట్టులాగా రెండు చెక్కలు చేస్తుంది. దాని పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. రొమ్ము ఎముక పైభాగం నుంచి ఒక తల, కాలర్ బోన్ లోపలి వైపు నుంచి ఇంకో తల బయల్దేరి, కలిసిపోయి, చెవి వెనక బుడిపెకు అతుక్కుంటాయి. వైద్యులు కానివారు కూడా ఈ సభలో ఉన్నారు కాబట్టి దీన్ని వాలు కండరం అని పిలుస్తాను.

దీన్ని చూడటానికి శవం అక్కర్లేదు. ఎడమ అరచేతిని గడ్డానికి ఎడమ పక్క ఆనించండి. ముఖాన్ని ఎడమకు తిప్పబోతూ ఆ చేత్తోనే అడ్డుకోండి. ఇప్పుడు కుడిచేత్తో కుడి మెడ తడమండి. బిగిసి లేచింది అదే. ఒక పక్క కండరం ముడుచుకుంటే తల ఆ పక్కకు వాలుతుంది, ముఖం మాత్రం అవతలి పక్కకు తిరుగుతుంది. పుట్టిన కొన్ని వారాలకు ఒక పక్కకే తల వాల్చే పసిబిడ్డలో ఈ కండరంలోనే గట్టి ముద్ద చేతికి తగులుతుంది. తొలి నెలల్లోనే సాగదీసే వ్యాయామాలు మొదలుపెడితే చాలామందికి కత్తి అవసరం రాదు. ఉమ్మడి నల్లగొండలో మెడ తిరగని పెద్దమనిషిని చూస్తే మనకు ముందు ఫ్లోరోసిస్ గుర్తొస్తుంది. అక్కడ బిగుసుకునేవి వెన్నుపూసల చుట్టూ ఉన్న స్నాయువులు, ఎముకలు. ఈ కండరం కాదు. రెండింటినీ వేరుచేసేది స్కాన్ కన్నా ముందు మన చెయ్యే.

వాలు కండరానికి ముందున్నది ముందు త్రికోణం. రక్తనాళాలు, శ్వాసనాళం, థైరాయిడ్ అటుపక్క ఉంటాయి. వెనకున్నది వెనుక త్రికోణం. పైకి చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ ఖాళీతనమే మోసం.

చర్మం కిందే

చర్మం ఎత్తగానే పలుచని ప్లాటిస్మా కండరం. దాని కింద, వాలు కండరాన్ని అడ్డంగా దాటుతూ బాహ్య జుగులర్ సిర. గట్టిగా దగ్గినా, పాట ఎత్తుకున్నా, బరువు ఎత్తినా ఉబ్బి కనిపించేది ఇదే. కాలర్ బోన్‌కు సుమారు 2.5 సెంటీమీటర్ల పైన ఇది లోతైన పొరను చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ చోట సిర గోడలు పొరకు అంటుకుని ఉంటాయి. మామూలుగా సిర తెగితే ముడుచుకుంటుంది. ఇక్కడ తెగితే నోరు తెరుచుకునే ఉంటుంది. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా రక్తం బయటికి రావడం పోయి, గాలి లోపలికి పోయే ప్రమాదం ఉంది. ఆ గాలి గుండెకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

సంక్రాంతి రోజుల్లో బైకు మీద పోయేవాళ్ళ మెడకు గాలిపటాల మాంజా చుట్టుకుని కోసుకుపోవడం మనం ఏటా వింటున్నదే. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. నిషేధం కాగితం మీద ఉంది, దారం గాలిలో ఉంది. కాబట్టి ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఇది గుర్తుంచుకోండి: మెడ తెగిన మనిషిని కూర్చోబెట్టొద్దు, పడుకోబెట్టండి. శుభ్రమైన గుడ్డ పెట్టి, గాయం మీద వేళ్ళతో నేరుగా నొక్కి పట్టండి. మెడ చుట్టూ గుడ్డ బిగించి కట్టొద్దు. గాయంలో ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు. ఆసుపత్రి బల్ల ఎక్కేదాకా ఆ వేళ్ళు తీయొద్దు.

ఆ సిరకు కాస్త వెనగ్గా, దాదాపు సమాంతరంగా చెవి వైపు ఎక్కిపోయే నరం ఒకటి ఉంది. గ్రేట్ ఆరిక్యులర్ నరం. మామూలుగా ఇది కంటికి కనిపించదు. ముఖం అవతలికి తిప్పినప్పుడు వాలు కండరం మీద తాడులాగా ఉబ్బి కనిపించిందంటే ముందుగా అనుమానించాల్సింది కుష్ఠును. 1915లో డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టిన నాటికి నమ్మదగిన మందు లేదు. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాక రోగం నయమయ్యేదైంది. 2005 చివరికి కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని మన దేశం ప్రకటించుకుంది. కేసులు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. మచ్చను చూసి తామరనుకుని లేపనం రాసిచ్చేముందు, మనిషి ముఖం ఇటూ అటూ తిప్పించి మెడ చూస్తే ఖర్చయ్యేది అర నిమిషం.

పదకొండో నరం

ఇక అసలు విషయానికి వస్తాను. మెదడుకు సంబంధించిన పన్నెండు జతల కపాల నరాల్లో పదకొండోది స్పైనల్ యాక్సెసరీ. అది వాలు కండరానికి కొమ్మలు ఇచ్చి, ఆ కండరం వెనుక అంచులో, మధ్య భాగానికి కాస్త పైనుంచి బయటికొస్తుంది. వెనుక త్రికోణంలో ఏటవాలుగా కిందికి దిగి, కాలర్ బోన్‌కు సుమారు 5 సెంటీమీటర్ల పైన ట్రపీజియస్ కింద దూరుతుంది. ఈ మధ్య దారిలో దానికి కప్పు ఏమిటంటే చర్మం, కొద్దిగా కొవ్వు, ఒక పలుచని పొర. అంతే. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. దాని పక్కనే, కొన్నిసార్లు దానికి అతుక్కునే, లింఫు గ్రంథులు ఉంటాయి.

మన దగ్గర వాటిని బిళ్ళలంటారు. ఆసుపత్రికి వచ్చిన మనిషి "మెడ మీద బిళ్ళ లేచింది సార్, జర తీసెయ్యుండ్రి" అంటాడు. బిళ్ళ చర్మం కిందే దొర్లుతూ చేతికి తగులుతుంది. మత్తు సూది పొడిచి, రెండు సెంటీమీటర్లు కోసి, తీసి, రెండు కుట్లు వేసి పంపించడానికి ఇరవై నిమిషాలు చాలనిపిస్తుంది. వెనుక త్రికోణంలో పదకొండో నరం తెగడానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది కత్తిపోటు కాదు, రోడ్డు ప్రమాదం కాదు. ఈ ఇరవై నిమిషాల పనే. ప్రపంచమంతటా శస్త్రచికిత్స గ్రంథాలు చెప్పే మాట ఇది.

ఎందుకు ఇలా జరుగుతుందో చూడండి. నరాన్ని పట్టకారుతో తాకితే భుజం అదరాలి, అది హెచ్చరిక. కానీ చుట్టూ పొడిచిన మత్తుమందు ఆ నరాన్ని కూడా నిద్రపుచ్చుతుంది. హెచ్చరిక రాదు. తెగిన తర్వాత కూడా వెంటనే తెలియదు. కుట్టు నొప్పి వల్ల చేయి ఎత్తలేకపోతున్నాడని రోగీ అనుకుంటాడు, డాక్టరూ అనుకుంటాడు. ముఖం ఇటూ అటూ తిప్పమంటే చక్కగా తిప్పుతాడు. వాలు కండరానికి వెళ్ళే కొమ్మలు అంతకుముందే విడిపోయాయి కదా! కుట్లు విప్పాక, నెల గడిచాక వచ్చి "సార్, రెక్క లేస్తలేదు" అంటాడు.

చేయి భుజం ఎత్తు దాటి పైకి లేవాలంటే రెక్క ఎముక వీపు మీద తిరగాలి. దాన్ని తిప్పే పనిలో ట్రపీజియస్‌ది పెద్ద వాటా. నరం తెగితే భుజం జారిపోతుంది, రెక్క ఎముక లేచి నిలుస్తుంది, మెడా భుజమూ రాత్రింబవళ్ళు గుంజుతాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తా వీపుకెత్తుకునే హమాలీని ఊహించుకోండి. లారీ మీద బస్తాలు సర్దే మనిషిని, ఎత్తు కొమ్మకు చేయి చాచే మామిడితోట కూలీని, తల మీద గంప పెట్టుకునే ఆడమనిషిని ఊహించుకోండి. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ళకు ఈ నరం తెగడమంటే పని పోవడమే. తొలి నెలల్లో కనిపెడితే నరాన్ని తిరిగి కలపడానికి వీలుంటుంది. ఏడాది దాటితే కండరం ఎండిపోతుంది, కలిపినా ఫలితం దక్కదు.

బిళ్ళను కోయకముందు

మన శరీరంలో సుమారు 800 లింఫు గ్రంథులు ఉంటాయని అంచనా. వాటిలో 300 దాకా మెడలోనే ఉంటాయి. నోరు, గొంతు, ముక్కు, నెత్తి చర్మం నుంచి వచ్చే లింఫంతా అక్కడికే చేరుతుంది. పేలు పడినా, పిప్పిపన్ను చీము పట్టినా అక్కడ బిళ్ళ కడుతుంది. వారాల తరబడి తగ్గని బిళ్ళ వేరే కథ.

మన దేశంలో ముందు అనుమానం క్షయ మీదికే పోవాలి. ప్రపంచంలో ఏటా క్షయ బారిన పడేవారిలో సుమారు నాలుగో వంతు మనవాళ్ళే. ఊపిరితిత్తుల బయట క్షయ ఎక్కువగా కనిపించే చోటు మెడ. పాతకాలం వైద్యులు గండమాల అన్నది చాలావరకు ఇదే. ఇక్కడ అనాటమీ మళ్ళీ పనికొస్తుంది. లోతైన పొర కింద గ్రంథి చీముపడి, పొరకు చిన్న రంధ్రం చేసుకుని, చర్మం కింద ఇంకో చీముగడ్డగా ఉబ్బుతుంది. పైది చూసి కోసి చీము తీస్తే కిందిది మిగిలిపోతుంది, గాయం మానదు, నెలల తరబడి కారుతుంది. అందుకే సన్న సూదితో కణాలు తీసి పరీక్షించడం ముందు. అదే నమూనాను జన్యు పరీక్ష యంత్రంలో పెడితే క్షయ ఉందా, మందుకు లొంగుతుందా అన్నది గంటల్లో తేలుతుంది. తేలితే 6 నెలల మందులే వైద్యం. చాలామందికి కత్తి అవసరమే రాదు.

రెండో అనుమానం క్యాన్సర్. గుట్కా, జర్దా, ఖైనీ నమిలేవారి నోట్లో మానని పుండు, దవడ కింద గట్టి బిళ్ళ రెండూ కలిసి ఉంటే ఆ బిళ్ళను విడిగా కోసి తీయడం మంచిది కాదు. ముందు నోరు తెరిచి చూడాలి. ఎడమ కాలర్ బోన్ పైన గుంటలో గట్టి బిళ్ళ దొరికితే మెడను వదిలి కడుపు చూడాలి. ఒంటి కింది భాగాల లింఫును మోసుకొచ్చే థొరాసిక్ నాళం ఎడమ మెడ మొదట్లోనే సిరలో కలుస్తుంది. జీర్ణకోశం క్యాన్సర్ మొదట బయటపడేది కొన్నిసార్లు అక్కడే.

క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్ర కూడా ఈ నరం చుట్టూనే తిరిగింది. 1906లో అమెరికాలో జార్జ్ క్రైల్ 132 ఆపరేషన్ల అనుభవంతో, మెడలోని గ్రంథులన్నిటినీ ఒకేసారి తీసే పద్ధతిని వివరించాడు. ఆ పద్ధతి స్థిరపడ్డాక గ్రంథులతో పాటు వాలు కండరం, అంతర జుగులర్ సిర, పదకొండో నరం అన్నీ పోయేవి. మనిషి బతికేవాడు, భుజం పోయేది. 1963లో అర్జెంటీనా వైద్యుడు ఓస్వాల్డో సువారెజ్ పొరల అనాటమీ ఆధారంగా, గ్రంథులను వాటి పొరతో సహా ఒలిచి తీసి నరాన్నీ కండరాన్నీ కాపాడవచ్చని చూపించాడు. కొత్త యంత్రం ఏదీ రాలేదు. శవం మీద పొరలను ఓపికగా చూసినవాడి కన్ను మాత్రం వచ్చింది. 2015లో ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ఇంకో పెద్ద ప్రశ్న తేల్చారు. నోటి క్యాన్సర్ తొలి దశలో, మెడలో బిళ్ళ చేతికి తగలకపోయినా ముందే గ్రంథులు తీసిన వారిలో మూడేళ్ళకు 80 శాతం మంది బతికి ఉన్నారు. బిళ్ళ కనిపించేదాకా ఆగిన వారిలో 67.5 శాతం. ఆ అధ్యయనం ప్రపంచమంతా వైద్య విధానాన్ని మార్చింది. అంటే మెడను కోయొద్దని నేను అనడం లేదు. కోయాల్సిన మెడను పూర్తిగా, తెలిసినవారు, తగిన చోట కోయాలి. కోయనక్కర్లేని మెడను ఎవరూ కోయొద్దు.

తాటిచెట్టు, హైవే

వెనుక త్రికోణం అడుగుకు పోదాం. అక్కడ స్కేలీన్ కండరాలు. ముందు స్కేలీన్‌కు, మధ్య స్కేలీన్‌కు మధ్య సందులోంచి చేతికి పోయే నరాల గుంపు బయటికొస్తుంది. అది బ్రేకియల్ ప్లెక్సస్. మెడ ఐదో నరం నుంచి ఛాతీ మొదటి నరం దాకా ఐదు వేర్లు. దానితో పాటే చేతికి పోయే ధమని.

సూర్యాపేట మీదుగా కోదాడ దాటి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద బైకు జారి పడిన యువకుడిని తలుచుకోండి. భుజం రోడ్డుకు తగిలి ఆగిపోతుంది, తల అవతలికి ఎగిరిపోతుంది. మెడకూ భుజానికీ మధ్య కోణం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తెగేవి పై వేర్లు. భుజం లేవదు, మోచేయి ముడవదు, చేయి లోపలికి తిరిగి వేలాడుతుంది. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కున్నప్పుడు తలను లాగితే వచ్చేదీ ఇదే దెబ్బ. హెల్మెట్ తలను కాపాడుతుంది, ఈ నరాలను కాపాడేది వేగం తగ్గించడమే.

గీత కార్మికుడికి వచ్చేది దీనికి తిరగబడిన దెబ్బ. మోకు జారి పడుతూ చేతికందిన మట్టను పట్టుకుంటాడు. ఒళ్ళు కిందికి, చేయి పైకి. ఈసారి లాగబడేవి కింది వేర్లు. భుజం బాగానే కదులుతుంది, పిడికిలి బిగియదు. అరచేతి చిన్న కండరాలు చచ్చుబడితే గీత కత్తి పట్టు తప్పుతుంది. విద్యార్థులు ఎర్బ్, క్లంప్‌కే అని రెండు పేర్లు బట్టీపడతారు. పేరు మరిచినా ఫరవాలేదు. మెడా చెయ్యీ ఒకదానికొకటి ఏ వైపుకు లాగబడ్డాయని అడగండి, జవాబు దానంతటదే వస్తుంది.

ఇదే అడుగున ఇంకో సంగతి ఉంది. ఊపిరితిత్తి కొన కాలర్ బోన్ దాటి సుమారు 2.5 సెంటీమీటర్లు మెడలోకి వస్తుంది. మెడ మొదట్లో దిగిన కత్తి ఛాతీని గాయపరిచినట్టే లెక్క. ముందు స్కేలీన్ మీదుగా ఫ్రెనిక్ నరం దిగుతుంది. ఊపిరి ఆడించే డయాఫ్రం దాని మీదే ఆధారపడింది. ఆ నరం వేర్లూ భుజం చర్మం వేర్లూ ఒకటే. అందుకే కాలేయంలో చీముగడ్డ అయి డయాఫ్రం మంటెత్తితే నొప్పి కుడి భుజం మీద తెలుస్తుంది. కుడి భుజం నొప్పి, జ్వరం రెండూ ఉన్న మనిషికి బామ్ రాసి పంపకుండా కడుపు తడిమి చూడండి.

ముందు త్రికోణం

వాలు కండరం ముందు అంచు దగ్గర వేళ్ళు ఆనిస్తే కొట్టుకునేది కెరోటిడ్ ధమని. థైరాయిడ్ మృదులాస్థి పై అంచు మట్టాన అది రెండవుతుంది. ఒకటి మెదడుకు, ఒకటి ముఖానికి. దాని బయటి పక్క అంతర జుగులర్ సిర, రెంటికీ మధ్య వెనగ్గా వేగస్ నరం, మూడూ ఒకే ఒరలో. ఈ చోటు ప్రమాదం ప్రాచీనులకూ తెలుసు. సుశ్రుత సంహిత చెప్పిన 107 మర్మాల్లో గొంతునాళానికి ఇటూ అటూ నీల, మన్య అని నాలుగున్నాయి. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది, గొంతు మారుతుంది, రుచి తెలియదు అని రాశారు. మెడలోనే మాతృకలు అని ఎనిమిది చెప్పి, వాటికి దెబ్బ తగిలితే వెంటనే ప్రాణం పోతుందన్నారు. శవాన్ని గడ్డిలో చుట్టి నీళ్ళలో ఉంచి, మెత్తబడ్డాక పొర పొరా తీసి చూడమన్నది కూడా ఆ గ్రంథమే.

ధమని రెండుగా చీలే చోట గోడలో రక్తపోటును కొలిచే నరాల కొనలు ఉంటాయి. గట్టిగా నొక్కితే గుండె నెమ్మదిస్తుంది, కొందరు పెద్దవయసువారు కళ్ళు తిరిగి పడిపోతారు. నాడి చూడాలంటే ఒక్క పక్కే, మెల్లగా. రెండు పక్కలా ఒకేసారి ఎప్పుడూ వద్దు. సెలూన్లో క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడను టక్కున విరిపించుకునే అలవాటు మన ఊళ్ళలో ఉంది. ఆ కుదుపుకు మెడ ధమనుల లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి, వయసులో ఉన్నవాడికి పక్షవాతం రావచ్చు. అరుదే. వచ్చాక అరుదన్న మాట ఎవరికీ ఊరట కాదు. మెడలో ఏ గడ్డ మీదైనా సూది పెట్టేముందు వేలు పెట్టండి. కొట్టుకుంటుంటే సూది తీసి పక్కన పెట్టండి.

అంతర జుగులర్ సిర కుడి పక్కన గుండె దాకా తిన్నగా పోతుంది. అందుకే మనిషిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, కుడి మెడలో అల ఎంత ఎత్తున ఆడుతోందో చూస్తే గుండె కుడి గది మీది ఒత్తిడి తెలుస్తుంది. రొమ్ము ఎముక మీది కోణానికి 4 సెంటీమీటర్ల పైన కనిపిస్తే ఎక్కువే. మూత్రపిండాలు చెడి అత్యవసరంగా డయాలసిస్ కావాల్సినవారికి గొట్టం దించేదీ చాలావరకు ఇక్కడే. వాలు కండరం రెండు తలలూ కాలర్ బోన్ దగ్గర విడిపోయే చిన్న త్రికోణం కింద ఆ సిర ఉంటుంది. అల్ట్రాసౌండ్ ఉంటే చూసి పొడవాలి. పక్కనే ధమని, కిందనే ఊపిరితిత్తి ఉన్నాయని ఆ సాధనం చూపిస్తుంది గాని, ఎక్కడ వెతకాలో చెయ్యికి ముందే తెలిసి ఉండాలి.

తల ఎత్తమని అడగండి

ఇప్పటిదాకా కోత గురించీ దెబ్బ గురించీ చెప్పాను. ఏ పరికరమూ లేకుండా మెడ ప్రాణం కాపాడే సందర్భం ఒకటుంది. సాగర్ ఎడమ కాలువ కింది వరి ఊళ్ళలో పనిచేసే ప్రతి వైద్యుడికీ ఇది తెలియాలి.

కట్లపాము సాధారణంగా రాత్రి, నేల మీద పడుకున్న మనిషిని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కాటు కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. రెప్పలు వాలతాయి. ఆ తర్వాత మెడ. దిండు మీది నుంచి తల ఎత్తమంటే ఎత్తలేడు. తలను ముందుకు ఎత్తే కండరాల్లో వాలు కండరం, స్కేలీన్లు ముఖ్యమైనవి. అవి పడిపోయాయంటే ఊపిరి ఆడించే కండరాల వంతు దగ్గరపడింది.

పురుగుల మందు తాగినవారి విషయంలోనూ ఇదే. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరలియద్దె ఒక సంగతి గుర్తించారు. ఆర్గానోఫాస్ఫేట్ విషం తొలి ఉధృతి తగ్గి, రోగి తేరుకున్నాడని అందరూ అనుకునే వేళ, 24 నుంచి 96 గంటల మధ్య, కొందరికి మెడ కండరాలు పడిపోయి ఊపిరి ఆగుతోంది. ఆ ప్రమాదానికి మొదటి గుర్తు తల ఎత్తలేకపోవడమే. కాబట్టి వార్డులో ప్రతి రౌండుకూ ఒకే ప్రశ్న: "పెద్దాయనా, తల ఎత్తు, నేను నుదురు మీద వేలు పెడతా, ఆపగలవా?" నిన్న ఆపినవాడు ఇవాళ ఆపలేకపోతే వెంటిలేటర్ ఉన్న చోటికి అప్పుడే పంపాలి. హైదరాబాద్ రెండున్నర, మూడు గంటల దారి. ఊపిరి ఆగాక బయల్దేరితే ఆ దారి చాలా పొడవు.

చివరిగా

మెడ పక్క భాగాన్ని పుస్తకంలో చూస్తే నరం పసుపు, ధమని ఎరుపు, సిర నీలం. అసలు మెడలో అన్నీ ఒకే రంగులో, ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. పదకొండో నరాన్ని పొర కింద వెతికి పట్టుకోవడం చిత్రపటం నేర్పదు. ఎవరో ఒకరు తమ మెడను ఇవ్వాలి. మొదటి సంవత్సరం విద్యార్థి శవం మీద ఆ నరాన్ని పొరపాటున కోస్తే ఎవరి చేయీ పడిపోదు. ఆ పొరపాటు చేసే హక్కును దాతలు వాళ్ళకు ఇచ్చారు. బతికున్న మెడ మీద ఆ హక్కు ఎవరికీ లేదు.

అందుకని మూడు మాటలు. విద్యార్థులకు: వెనుక త్రికోణం విప్పే రోజు డిసెక్షన్ హాలుకు సెలవు పెట్టొద్దు, ఆ నరాన్ని మీ చేత్తో, మొదటి నుంచి చివరిదాకా పట్టుకునేదాకా బల్ల వదలొద్దు. దాతల కుటుంబాలకు: బంధువులు అడిగే ప్రశ్నలకు మీరొక్కరే జవాబు చెప్పనక్కర్లేదు, ఆ పని ఈ సభలో ఉన్న వైద్యులది కూడా.

మూడోది నా తోటి శస్త్రవైద్యులకు. మెడ పక్కన కత్తి పెట్టిన ప్రతి కేసు షీటులో రెండు వాక్యాలు ఉండాలి: ఆపరేషన్‌కు ముందు రోగి చేయి తల మీదికి లేచింది, ఆపరేషన్ తర్వాత లేచింది. రెండో వాక్యం రాయలేకపోతే ఆ రోజే నరాల శస్త్రవైద్యుడికి పంపండి, నొప్పి తగ్గాక చూద్దామనొద్దు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోని ప్రతి ఆసుపత్రీ, పెద్దదైనా చిన్నదైనా, ఈ రెండు వాక్యాలను నియమంగా పెట్టుకుంటే దానికి రూపాయి ఖర్చు కాదు. పెట్టుకోవాలని ఈ సభ ముందు ప్రతిపాదిస్తున్నాను.